ఖుజామా పూసింది

శుక్రవారం రాత్రి, సులై లేబర్ క్యాంపు, రియాద్

పొద్దున మా మిస్రీ, అదే ఈజిప్టు, ఫోర్‌మన్ వ్యాన్ ఎక్కమంటూ ‘ఖుజామా’ అన్నాడు. నాకు ‘ఖురూజ్’ అని వినిపించింది. సౌదీవాళ్ళని చాలినంతమందిని పెట్టుకోలేదని నితాఖత్ చట్టంలో కంపెనీ రెడ్‌లో పడ్డప్పటి నుంచి క్యాంపులో అందరికీ ఇంటికి పంపేసే ఆ ఎగ్జిట్ మాటంటేనే భయం. ఎక్కాను.

రియాద్ దాటాక దించితే, వానలు పడ్డ ఎడారిలో కనుచూపు మేరా ఊదారంగు పూలే. ఖుజామా అంటే ఆ పూలేనట. సెలవు రోజని చూపించడానికి తెచ్చాడట. వాటి వాసన ఎంత మెత్తగా ఉందో. ఏళ్ళుగా నేను తిట్టుకున్న ఈ ఇసుక ఇంత రంగు దాచుకుందా? అక్కడే పూల మధ్య కూర్చున్నాను.

“ఇంటికి తోలుతరనుకున్న అన్నా,” అన్నాను, నాతోపాటే వ్యాన్‌లో వచ్చిన పక్క మంచం మల్లేశన్నతో.

“నేను గూడ గట్లనే అనుకున్న. బ్యాగు సుత సదుర్కొని తెచ్చిన.”

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

క్యాంపుకు వచ్చాక అన్న కోసుకొచ్చిన పూలను కిటికీలో పెట్టాడు. బ్యాగు మాత్రం ఇంకా విప్పలేదు.