తొమ్మిది అడుగుల లెక్క

అయ్యా,

విషయం: ఈత కొలనులో నీళ్లెన్నో రిజిస్టరులో తప్పు పడినందున సరిచేయించుట గురించి.

నేను కొలను శుభ్రం చేసే ఆయన కొడుకుని. నాన్న కళ్లు పోయాక ఆ పనిలో నన్ను మీరే పెట్టారు. మీ ఎదురుగా వస్తే నాకు నోరు పెగలదు, అందుకే మెసేజ్ పెడుతున్నాను. పై ఆఫీసరుకి పెట్టమంది అమ్మ. నా దగ్గర మీ నంబరే ఉంది.

1. పొడవు డెబ్బై ఐదు అడుగులు, వెడల్పు ముప్పై. ఇందులో గొడవ లేదు. లోతు మాత్రం పిల్లల వైపు మూడు, దూకే వైపు తొమ్మిది, మధ్యలో నేల వాలుగా దిగుద్ది. మీరు అటు గోడ మీద రాసున్న తొమ్మిది చూసి మొత్తానికీ తొమ్మిదే వేశారు. ఇరవైవేల రెండొందల యాభై ఘనపుటడుగులని, రోజూ మూడు డబ్బాల బ్లీచింగ్ పొడి కలపాలని రాశారు.

2. నాన్న అప్పుడే చెప్పాడు. "సార్, ఇటు నా నడుము దాకానే ఉంటాయి, అటు నన్ను ముంచేస్తాయి. రెండూ ఒకటెలా అవుతాయి సార్?" మీరు ఈతకొచ్చిన వాళ్లందరి ముందూ "ఒరేయ్, నీ నడుమేమన్నా స్కేలా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను సార్.

3. బకెట్లో రెండు డబ్బాలే సరిగ్గా కలుస్తాయి. మూడోది వేసి కలుపుతుంటే చిమ్మి నాన్న కళ్లలో పడింది. కట్లతో ఉన్న మనిషి చేత కాగితం మీద వేలిముద్ర వేయించారు. ఏం రాశారు సార్ అంటే "నీ మంచికే" అన్నారు. కాపీ ఇంటికొచ్చాక నేను కూడబలుక్కుని చదివాను. "పనివాడికి కొలత తెలియనందున" అని ఉంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

4. నేను కర్ర పెట్టి ఐదడుగులకోసారి కొలిచాను. సగటు ఆరు. మందుల షాపు అక్క ఫోన్లో గుణించి పదమూడువేల ఐదొందలంది. అంటే రెండు డబ్బాలు చాలు.

కావున తమరు దయతలచి రిజిస్టరులో తొమ్మిది కొట్టేసి ఆరు వేయించి, నాన్న కాగితంలో ఆ ముక్క తీసేయించ ప్రార్థన. నాకూ కుడికన్ను మసకేస్తోంది.

ఈ నాలుగు ముక్కలూ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మీరు పిలిచే బకెట్‌గాడు

తా.క. సార్, ప్రతి శనివారం ఫోన్ చేసి "రేపు మావాడు ఈతకొస్తున్నాడు, రెండు డబ్బాలే వెయ్యరా" అంటారు కదా. ఆదివారం నీళ్లు తగ్గుతాయా సార్?