ఆరు కర్టెన్లు

అక్కా, మా ఇంటి పెద్దదిక్కా,

కొట్లో బేరాల్లేవు, అందుకే గబగబా టైపు చేసేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మొన్న ఫోన్లో మా పిడుగు సంగతి అడిగితే మాట దాటేశాను. బడి లైబ్రరీ అంటే ప్రాణం పెట్టే పదేళ్ల పిల్ల, రెండు వారాలుగా ఆ గుమ్మం తొక్కట్లేదు. అడిగితే కడుపునొప్పి అంటోంది. నేనూ నమ్మాను. ఈలోగా లైబ్రరీ మేడమ్ "మీ కర్టెన్ రింగులు ఊడాయమ్మా" అని కబురుపెడితే వెళ్లాను. ఆరు కంప్యూటర్ల చుట్టూ ఆరు కర్టెన్లు, నేనమ్మినవే. నాలుగోదానికి రెండు రింగులు ఊడి, అంచు పిడికిలంత మేర నలిగిపోయి ఉంది, ఎవరో లోపల్నుంచి గట్టిగా పట్టుకున్నట్టు. ఆ నలిగినచోట ఊదారంగు స్కెచ్ పెన్ను మరక. మా పిల్ల వేళ్లకి ఎప్పుడూ ఉండేదే.

ఇంటికొచ్చి ఒళ్లో కూచోబెట్టుకుంటే చెప్పింది. కప్పల పాఠం వెతుకుతుంటే ఏదో వీడియో వచ్చిపడిందట, పిల్లలు చూడకూడనిది. ఎంత నొక్కినా పోలేదట. "కర్టెన్ తీస్తే నేనే పెట్టుకున్నాననుకుంటారని, గంట కొట్టేదాకా కళ్లు మూసుకుని పట్టుకున్నానమ్మా" అంది.

అక్కా, ఆ కర్టెన్లు వాళ్లు అడగలేదే. "చాటుంటే పిల్లలకి ధ్యాస కుదురుతుంది మేడమ్" అని నేనే ఊదరగొట్టి అంటగట్టాను. ఈ మాట ఇంట్లో ఆయనకీ చెప్పలేదు. శుక్రవారం తల్లిదండ్రుల మీటింగ్. ఎగ్గొట్టేద్దామనుకుంటున్నా.

నీ వాగుడుకాయ, ఈసారి నోరు పెగలనిది

*

నా బంగారు అక్కా,

"వెళ్లకపోతే నాకిక ఉత్తరం రాయకు" అని ఒక్క ముక్క రాసి పడేశావు. వెళ్లానే తల్లీ. వీడియో సంగతి ముందే మేడమ్ చెవిన వేశాను.

అది తెలిసి హెడ్మాస్టరుగారు పిల్లలకి కంప్యూటర్లే తీసేద్దామన్నారు. ఒకాయన "చెడ్డవి రాకుండా ఫిల్టర్ ఉందిగా" అన్నాడు. "ఉందండీ, కప్ప పేజీని ఆపుతుంది, ఆ చెత్తని వదిలేస్తుంది" అంది మేడమ్. పక్కన పిడుగు మొహం చూశాను. కంప్యూటర్లు పోతే అది తనవల్లే అనుకుంటుంది.

లేచాను. "కంప్యూటర్లు ఉండనివ్వండి సార్. తీయాల్సింది నా కర్టెన్లని. మాయమాటలు చెప్పి నేనే అమ్మాను. ఆ చాటునే మా పిల్ల ఒంటరిగా భయపడింది" అన్నాను.

వెనకనుంచి ఎవరో "తన సరుకుని తనే తిట్టుకునే కొట్టావిణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అన్నారు. హెడ్మాస్టరుగారితో సహా అందరూ నవ్వారు. దాంతో నా మాటే నెగ్గింది.

అప్పటికప్పుడు స్టూలెక్కి ఆరూ దించేశా. బల్లలు తిప్పి, కంప్యూటర్ స్క్రీన్లన్నీ మేడమ్ కుర్చీకి కనబడేలా పెట్టించాం. ఫిల్టరూ మార్పించారు. గోడమీద కాగితం అంటించారు: "తేడాగా ఏదైనా కనిపిస్తే చెయ్యెత్తు. తప్పు నీది కాదు." రాసింది పిడుగే, ఊదారంగుతో.

నిన్న మళ్లీ ఏదో వచ్చిపడిందట. ఈసారి కళ్లు మూసుకోలేదు. చెయ్యెత్తి, గది దద్దరిల్లేలా "మేడమ్, ఇటు రండి" అని కేకేసింది. మేడమ్ వచ్చి దాన్ని మూసేసి, "ఊఁ, కప్ప ఎంతవరకు వచ్చింది?" అని అడిగిందట. కప్ప పూర్తయ్యాకే లేచింది మా పిల్ల.

కర్టెన్లేం చేశావంటావా, దిండ్లు కుట్టి లైబ్రరీకే ఇచ్చేశా. పిల్లలు వాటిమీద బోర్లా పడి చదువుకుంటున్నారు. నలిగిన అంచున్న దిండు మాత్రం పిడుగుది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు.

కర్టెన్లు దించడంలో ఆరితేరిన నీ చెల్లి