బావ కళ్ళు చూపించుకున్నాడు

సోమవారం, రాత్రి

మా ముసల్ది పాన్‌లో సున్నం మళ్ళీ ఎక్కువేసింది. నాలుక మండుతుంటే ఏం రాస్తాను?

వియ్యంకుడు బోధన్ నుంచి వచ్చాడు. వాళ్ళన్న కళ్ళకు పొర కమ్ముతున్నా దవాఖానకు పోక, చివరికి చూపు పోగొట్టుకున్నాడు. ఈయనదీ అదే దారి. "నొప్పి లేకుండ దవాఖానకు పోతే రోగాన్ని పిలిచినట్టే" అంటాడు.

అందుకే కబురు పంపాను. కళ్ళ డాక్టరంటే నాకు భయంగా ఉంది, తోడు రమ్మన్నాను. నేను వణుకుతుంటే చూసే భాగ్యం ఆయన వదులుకుంటాడా? పొద్దున బండికే దిగాడు.

"ఏం బావా, ఏడుస్తున్నవా?" అని దవాఖాన మెట్ల మీదే మొదలుపెట్టాడు.

"నువ్వు ముందుగాల కూసుంటే నాకు ధైర్యమొస్తది."

అందరూ చూస్తున్నారాయె, మీసం దువ్వి నాకంటే ముందే డాక్టరు ఎదుట కూర్చున్నాడు.

పొర ఇప్పుడే మొదలైందట. ఆరు నెలలకోసారి చూపిస్తుంటే అదను చూసి తీసేయొచ్చన్నాడు డాక్టరు. బావ నవ్వు ఆగింది. పోయేటప్పుడు, "మల్ల ఎప్పుడు రావాలె?" అని మెల్లగా అడిగాడు.

రాకపోతే నేనే బోధన్ పోయి పట్టుకొస్తాను. మా ఇద్దరికీ ఉన్నది ఒక్క మనవరాలు. దాని పెళ్ళి ఆయన తన కళ్ళతోనే చూడాలి.

ఒక్క మాట మాత్రం బావకు చెప్పలేదు. నా కళ్ళు పోయిన వారమే చూపించుకున్నాను. ఆయన సంగతి డాక్టరు చెవిన వేసింది కూడా అప్పుడే. భయమంతా నాటకం.