చంకలో చెప్పులు

అన్నా... నేను నర్సయ్యను. నువ్వు పోయి రెండేళ్ళు దాటింది. బాగున్నావా?

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. ఏడో తరగతితో ఆగిన చదువు, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. అయినా నీకు చదవడం రాదు కదా. పట్నం నుంచి నేను రాసిన ఉత్తరాలన్నీ పోస్టుమన్‌తో చదివించుకునేవాడివి. ఆయన పోయాక కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, "మంచిగ రాసిండు మావోడు" అనేవాడివట. అక్కడ చదివిపెట్టడానికి నీకు ఎవరున్నారు? అమ్మకూ రాదాయె...

నేను ఆక్లాండ్‌లో, ఫ్లాట్ బుష్‌లో నా బిడ్డ సుజాత దగ్గరే ఉన్నాను. చలి మొదలైంది. ఇంట్లో కూడా రెండు స్వెటర్లు వేసుకుంటున్నాను. పొద్దున్నే సుజాత, అల్లుడు చెరో కారులో పనికి పోతారు. సాయంత్రం బడి నుంచి మనవరాలు మనస్వి వచ్చేదాకా ఇంట్లో నేనొక్కణ్ణే. దానికి పదిహేడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషే. చదవడం రాదు.

దాని సంగతే రాయాలి నీకు.

దాని క్లాసులో ఫీజీ దేశపు పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్ల ముత్తాతను మన దేశం నుంచి ఓడలో తీసుకుపోయి చెరకు తోటల్లో చాకిరి చేయించారట. అట్లాంటివాళ్ళను తలచుకోవడానికి ఇప్పుడు ఫీజీలో దేశమంతటికీ సెలవు ఇస్తారట. అది విని మనస్వి వాళ్ళు, ఇక్కడ కూడా బానిసతనం పోయినందుకు ఒక రోజు సెలవు ఉండాలని కాగితాలు రాసుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు అడుగుతున్నారు. వచ్చే శుక్రవారం పార్లమెంటుకు పంపుతారట. చలికాలంలో చుక్కల గుంపు పొడిస్తే ఇక్కడి మూలవాసులకు కొత్త ఏడాది అని సెలవు ఇస్తున్నారు, రాజుగారి పుట్టినరోజుకు ఇస్తున్నారు, దీనికి ఎందుకు ఇవ్వరు తాతా అని అడిగింది. నాకేం తెలుసు?

సెలవు అంటే నాకు నువ్వే గుర్తొస్తావు.

నీ పెళ్ళి రోజున కూడా నీకు సెలవు లేదు. ఒంటి మీద పసుపుతోనే దొరవారి కోటలాంటి గడికి పోయావు. కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, బర్రెలకు నీళ్ళు పెట్టి వచ్చాకే పీట మీద కూర్చున్నావు. ఆలస్యమైందని ఆడపిల్లవాళ్ళు గొణుక్కుంటుంటే, "బర్రెలకేమెరుక నా లగ్గం" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయిన వారం, ఆదివారం రోజున, మనస్వికి తోడుగా నేనూ తిరిగాను. అది మాట్లాడుతుంటే పక్కన నిలబడటమే నా పని. నాలుగు వీధుల అవతల, పెద్ద గేటు ఉన్న ఇంట్లో నా వయసు పెద్దమనిషి తలుపు తీశాడు. నా మాట యాస విని ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఆయన మొహం విప్పారింది. అది తన మేనమామల ఊరట. చిన్నప్పుడు ఎండాకాలం అంతా గడిలోనే ఉండేవాడట.

అన్నా, నేను ఏమీ అనుకోలేదు. చూసుకునేసరికి నా కాళ్ళ కింద చల్లటి సిమెంటు. చెప్పులు చంకలో ఉన్నాయి.

గడి గోడ మొదలయ్యే చోట చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవడం, గోడ అయిపోయాక తొడుక్కోవడం... మన వాడకట్టు వాళ్ళమంతా అట్లాగే నడిచాం కదా. నేల కాలుతుంటే నేను పరుగెత్తేవాణ్ణి. నువ్వు పరుగెత్తేవాడివి కాదు. "ఉరుకకురా. ఉరికితే ఇంకింత సూస్తరు" అనేవాడివి. యాభై ఏళ్ళు దాటింది. ఇంత దూరం విమానంలో వచ్చాను. నా కాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియలేదు.

ఆయన చూశాడు. చలిగా ఉంది, చెప్పులు తొడుక్కోండి అన్నాడు. నన్ను అండి అన్నాడన్నా, గడి మనిషి... తర్వాత నా మొహం చూడలేదు. తల దించుకుని సంతకం చేశాడు. కారణం రాసే చోట ఏమీ రాయలేదు. ఆయన మంచివాడేమో. ఆయన మనకు చేసింది కూడా ఏమీ లేదు. అయినా ఆ గేటు దాటేదాకా నేను చెప్పులు తొడుక్కోలేకపోయాను. కోపం రావాలి కదా? సిగ్గు ఎందుకు వచ్చింది?

మనస్వికి ఏమీ అర్థం కాలేదు. ఇక్కడ పాలు, బ్రెడ్డు అమ్మే చిన్న కొట్టును డైరీ అంటారు. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా దానికి ఒట్టి కాళ్ళతో పోతారు, సరదాకి. అందుకని తాత కూడా కివీ, అంటే ఈ దేశపు మనిషి, అయిపోయాడని నవ్వి, ఫోటో తీసి మన ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టింది. సుజాత నవ్వింది. అల్లుడు నవ్వాడు. ఊళ్ళో నీ కొడుకు కూడా నవ్వే బొమ్మలు పంపాడు.

వాడికీ నువ్వు చెప్పలేదు కదా...

మర్నాడు మనస్వి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పేరు, సంతకం, ఈ సెలవు ఎందుకు కావాలో ఒక్క మాట. అందరివీ అయ్యాయి, ఇక నీదే తాతా అంది. తర్వాత అడిగింది, మన ఇంట్లో ఎవరైనా అట్లా చాకిరి చేశారా అని.

లేదు బిడ్డా, మన ఇంట్లో అట్లాంటివాళ్ళు ఎవరూ లేరు అన్నాను. మా అన్న వ్యవసాయం చేసేవాడు అన్నాను. అంత తొందరగా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. మామూలుగా నా నోట్లోంచి మాట రావడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు కదా.

అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

నాన్న పోయాక ఇంటికొకరు వెట్టికి రావాల్సిందే అని గడి నుంచి కబురు వచ్చినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. నాకు ఐదు. "తమ్ముడు బడికి పోతడు. నేను పోత" అన్నావు. అమ్మ ఏడ్చింది. నువ్వు పోయినందుకే నేను ఏడు తరగతులు చదివాను. ఆ చదువుతోనే పట్నంలో అటెండరు పని. ఆ పనితోనే సుజాత చదువు, ఆ చదువుతోనే ఈ దేశం, ఈ ఇల్లు, ఈ పిల్ల. అట్లాంటి నిన్ను లేవన్నాను.

కానీ నువ్వే కదన్నా ఒట్టు వేయించుకున్నది? సుజాత పుట్టిన పదకొండో రోజున ఒళ్ళో పెట్టుకుని, "గడి ముచ్చట పిల్లకు చెప్పకు. పిల్ల తల ఎత్తుకొని తిరగాలె" అన్నావు. దాని తల మీద నా చెయ్యి పెట్టించావు. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ మాట నిలుపుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల కడుపున పుట్టిన పిల్ల, తల ఎత్తుకునే అడుగుతోంది. ఏం చేయమంటావు?

ఇంకొకటి అడగాలి. సెలవు ఇవ్వాలంటే ఒక తారీకు ఉండాలి కదా. మన వెట్టి ఏ రోజున పోయింది? ఎవరూ వచ్చి చెప్పలేదు, డప్పు కొట్టలేదు. ఒక పొద్దున నువ్వు లేవలేదు, అంతే. ఎండ ముంగిట్లోకి వచ్చినా దుప్పటి ముసుగు తీయలేదు. జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టి చూసింది. "పానం బాగనే ఉన్నది. ఇయ్యాల పోను" అన్నావు. ఆ రోజంతా అమ్మ తలుపు దగ్గరే కూర్చుంది, ఎవరు వస్తారోనని. ఎవరూ రాలేదు. మక్క కంకులు కాల్చుకుని తిన్నాం. అది ఏ నెల, ఏ వారం? బడికి పోయినవాణ్ణి, నేను రాసిపెట్టుకోవలసింది...

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ కాగితం తీశాను. సంతకం చేశాను. కారణం రాసే చోట తెలుగులో రాశాను. "మా అన్న లింగయ్య, నాకు బదులు." అంతకన్నా రాయడానికి చోటు లేదు, నాకు చేతా కాదు. మనస్వికి అది చదవరాదు. ఇస్తే నేనే చదివి చెప్పాలి. అందుకే ఇంకా ఇవ్వలేదు. మడిచి నీ ఫోటో వెనక పెట్టాను.

నీకు ఇష్టం లేకపోతే వద్దు అని ఒక్క మాట అనేవాడివి. ఇష్టమైతే ఊరుకునేవాడివి. అమ్మ అనేది, పెద్దోడు ఊకున్నడంటే సరే అన్నట్టే అని. కానీ అన్నా, గడిలో కూడా నువ్వు ఊరుకున్నావు. పదహారేళ్ళు ఊరుకున్నావు. అది సరే అని కాదు కదా? ఆ ఊరుకోవడానికీ ఈ ఊరుకోవడానికీ తేడా నాకు తెలియదు. తెలుసుకునేంత సేపు నీ పక్కన ఎప్పుడు కూర్చున్నాను?

అందుకని ఈసారి ఊరుకోకు. శుక్రవారం ఇంకా మూడు రోజులే ఉంది. ఎవరితోనైనా రాయించు, కలలోకైనా వచ్చి చెప్పు.

తొందరగా జవాబు ఇవ్వు అన్నా.

నీ తమ్ముడు,
నర్సయ్య