మందు కడిగేసిన గిన్నె

ప్రియమైన అక్కకి,

యేసయ్య పేరట నీ చెల్లి సునీత వందనాలు. నువ్వు, బావగారు, అమ్మ, పిల్లలు క్షేమమని తలుస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ జర్మనీలో చలి ముదిరింది, బడి వదిలే వేళకే చీకటి పడిపోతోంది. రొట్టె తినీ తినీ నాలుక చచ్చిపోయింది. అమ్మ పంపిన ఎండు రొయ్యలు వేయిస్తే పక్కగది అమ్మాయి కిటికీలన్నీ తెరిచి వణుకుతూ కూర్చుంది, పాపం. అయినా బాగానే ఉన్నాను, బెంగపడకండి.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. మందు మాట ఎత్తగానే ఫోను పెట్టేస్తున్నావు కదమ్మా! అందుకే రాస్తున్నాను.

అక్క మాత్రలు మానేసిందా అని బావగారిని అడిగాను. "ఆయ్, నిజమేనమ్మా. రిపోర్టు బాగా వచ్చిందని చర్చిలో సాక్ష్యం చెప్పేసింది. ప్రభువు బాగుచేసేడని అందరి ముందూ చెప్పేక మళ్ళీ మాత్ర మింగితే అబద్ధమాడినట్టేనంటంది. నా మాట వినట్లేదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నీకొచ్చిన ఈ రక్త క్యాన్సర్ కణాలనే మా ల్యాబులో గిన్నెల్లో పెంచుతాం. మామూలు కణానికి 'ఎదుగు' అని బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు లోపల చేతులు మారి జన్యువుల దాకా వెళ్తే, అవి మేలుకుని పని మొదలెడతాయి. నీ రక్తంలో కబురు పంపినవాళ్ళెవరూ లేరక్కా. మధ్యలో ఒకడు పుట్టి, ఆగకుండా 'ఎదుగు, ఎదుగు' అని అరుస్తున్నాడు. నీ మాత్ర వాడి నోరు మూస్తుంది, అంతే. రిపోర్టు బాగుందంటే వాడు లేడని కాదు.

మందు వేసి కణాల్ని అణిచాక, ఒక గిన్నెలో మాత్రం మందు కడిగేసి ఏమవుతుందో చూడడం నా పని. మొన్న చూశాను. మూగబోయిన జన్యువులన్నీ మళ్ళీ పలుకుతున్నాయి. ఆ గిన్నెని వెచ్చగా ఉంచే పెట్టె తలుపు తీస్తే లోపల సరిగ్గా మనిషి ఒంటి వేడి. ఈ చలిలో అది చేతికి తగిలితే నీ చెయ్యే అనిపించి, భయమేసి తలుపు మూసేశాను.

దేవుడు బాగుచేశాడన్నావు, నేను కాదనను. మాత్రతో బాగుచేస్తున్నాడని వచ్చే ఆదివారం లేచి ఆ మాట కూడా చెప్పు. ఎవరైనా నవ్వితే నవ్వనీ! మానే రోజు వస్తే రావచ్చు, అది డాక్టరుగారు పరీక్షలు చూసి చెప్పాలి.

బావగారికి, పాస్టరుగారికి నా వందనాలు. అమ్మకి ఇదంతా చెప్పకు. పిల్లలకి ముద్దులు. నా కోసం ప్రార్థన చెయ్యి, నేను నీ కోసమే చేస్తున్నాను.

ఆ గిన్నెలో మళ్ళీ మందు వెయ్యడానికి నాకు వీల్లేదక్కా. నీ మాత్రలు నీ బీరువాలోనే ఉన్నాయి.

నీ చెల్లి,
సునీత