వీడియో కాల్స్‌ కోసం ముందే తీసిన వాటా

బంగారయ్య బావకి,

ఫోన్‌లో నీ మాట తెగిపోతోందని, గుజరాత్‌లో నువ్వున్న వీరావల్‌కే పడవల పనికి తిరిగొస్తున్న మన యువరాజు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

సాయంత్రమైతే మన సంఘం గదిలో వైఫైని కుర్రాళ్ల ఆటలూ రీల్సే మింగేస్తున్నాయి. వీడియోలో నీ మొహం బిగుసుకుపోతే, అక్క ఆ గదిలోనే ఫోన్ పట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంటోంది. నాకు ఒళ్లు మండింది. రౌటర్ సెట్టింగుల్లోకెళ్లి, ఎవరెంత వాడినా సగం వేగం కాల్స్‌కే దక్కేలా పెట్టేశాను.

ఆ ఆటల కుర్రాళ్లలో వాసుగాడు గొడవకొచ్చాడు. "సమానత్వమని కరపత్రాలు పంచినోడివి నువ్వే గదా మావా! ఇదేటి మరి?"

"మా బావ పెద్ద వల లాగించినపుడు, సంపాదించేవోడు లేని ఇళ్లకి ముందు బుట్టడు సేపలు తీసేకే వాటాలేసీవోడు. అపుడెవడైనా సమానత్వం అడిగాడేట్రా?" అన్నాను.

ఆ బుట్ట అందుకున్న ఇళ్లలో వాడిదీ ఒకటి. వాడు ఆట ఆపి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ తడి ఇసుక, చేపలు ఎగిరెగిరి పడటం, వాటాల దగ్గర నీ కేకలు, అన్నీ కళ్లముందుకొచ్చాయి బావా. ఇప్పుడు మన ఒడ్డున అలా అరిచేవాడు లేడు.

ఆదివారం దీపాలవేళకి ఫోన్ చెయ్యి. ఎప్పటిలా "బాగున్నాను, పెట్టేత్తన్నాను" అనకు. ఈసారి నెట్ తెంచదు. నువ్వూ తెంచకు.

నీ కోపిష్టి బావమరిది