ఊఁ కొట్టినందుకు రుసుము

జూన్ 3, సోమవారం

నిశ్చయం: ఈ నెలలో మా ఇంటి ఇంటర్నెట్ తీయించేస్తాను. ఖాయం!

మనవరాలి చదువు కోసం పెట్టించాం. మనవరాలు హాస్టలుకి వెళ్ళింది. ఇది మాత్రం ఉండిపోయింది. వాడేది మా ఆవిడ ఒక్కతే. చెవుల్లో బిరడాలు పెట్టుకుని, ఎవరెవరో ఇళ్ళు ఎలా సర్దుకుంటున్నారో టాబ్‌లో చూస్తుంది. మా ఇల్లు సర్దడం మానేసింది.

ఒకప్పుడు కూరలు తరుగుతూ వీధి కబుర్లన్నీ నాకు చెప్పేది. ఎదురింటి దర్జీ ఎవరి చొక్కా పొట్టి చేశాడో కూడా. నా పని ఊఁ కొట్టడం. ఏళ్ళ తరబడి బాగానే చేశాను. ఇప్పుడా ఉద్యోగం పోయింది. వంటింట్లోకి సిగ్నలు రాదు. అక్కడున్నంతసేపే కాస్త మాటా పలుకూ.

ఈ కారణం ఆవిడకి చెప్పలేదు. సిగ్గు. "దండగ ఖర్చు" అన్నాను.

"తీయించండి, చూస్తాను. పుచ్చిన టమాటా వెనక్కిచ్చే నోరు లేదు మీకు" అంది.

చూస్తుంది!

జూన్ 4, మంగళవారం

ఒక్క వాక్యం కాగితం మీద రాసుకుని ఫోను చేశాను. చాలాసేపు పాట. తరవాత ఒక అమ్మాయి. ఎంత మర్యాద!

"మా ఇంటర్నెట్ తీసేయండి" అని చదివాను.

"ఏడాది నిండకుండా మానేస్తే రుసుము ఉంటుందండీ. పెట్టె విప్పినందుకు వేరే. తీగ చుట్టినందుకు వేరే."

"పెట్టినప్పుడు ఉచితమన్నారు కదమ్మా?"

"పెట్టడం ఉచితమేనండీ. తీయడమే కాదు."

ఆ పైన ఆ అమ్మాయి ఏదేదో చెప్పింది. మా బడిలో మాస్టారు చెబుతుంటే ఊఁ కొట్టకపోతే బెంచీ ఎక్కించేవారు. ఆ అలవాటు. కొడుతూ పోయాను.

పని అయిపోయినట్టే అనుకుంటాను.

జూన్ 6, గురువారం

సందేశం వచ్చింది. "రెండేళ్ళ కొత్త ప్లానులో చేరినందుకు అభినందనలు!"

ఫోను చేశాను. ఈసారి ఒక అతను.

"మీరు ఒప్పుకున్నారండీ. రికార్డింగు ఉంది."

వినిపించాడు. అమ్మాయి అడుగుతోంది, నేను ఊఁ. మళ్ళీ అడుగుతోంది, ఊఁ. నా జన్మలో నా మాట దాచిపెట్టుకున్నది వీళ్ళే.

"ఊఁ అంటే వింటున్నానని బాబూ."

"మా దగ్గర ఊఁ అంటే సరేనని లెక్కండీ. ఇప్పుడు మానేస్తే రెండేళ్ళ లెక్కన రుసుము." పైగా ఇంకేదో వివరించాడు.

సాయంత్రానికి వేగం కూడా పెంచారు. మళ్ళీ కొట్టినట్టున్నాను.

జూన్ 7, శుక్రవారం

నిశ్చయంలో చిన్న మార్పు. ముందు ఊఁ మానాలి. తరవాతే ఫోను.

సాధన మొదలు. దర్జీ తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాడు. పెదాలు బిగించి విన్నాను.

"ఏం మావా, పన్ను పీకుతోందా?" అన్నాడు.

గెలిచాను!

మధ్యాహ్నం కరెంటు పోయింది. నెట్ పెట్టె ఆరిపోయి టాబ్‌లో బొమ్మ ఆగిపోయింది. మా ఆవిడ బిరడాలు తీసి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఎన్నాళ్ళకి! వాళ్ళ చెల్లెలు ఇంటికి నీలం రంగు వేయమంటే ఊదా వేసిపోయారట. అక్కణ్ణుంచి చెల్లెలి మొగుడు అలిగినదాకా వచ్చింది. నేను సాధనలో ఉన్నాను. పలకలేదు.

మధ్యలో ఆపేసింది. "గోడకి చెప్పుకున్నా నయం. సున్నమైనా రాలుతుంది." లేచి వెళ్ళిపోయింది.

తప్పు నాది కాదు. కరెంటు వాళ్ళది. ముందుగా చెప్పి తీయాలి.

జూన్ 10, సోమవారం

శని, ఆదివారాలు ఫోను చేయలేదు. వాళ్ళకి సెలవేమోనని.

ఈ రోజు స్వయంగా వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాను. లోపల చల్లగా ఉంది. కౌంటరులో ఆవిడ కాఫీ ఇప్పించింది.

"తీయించడం ఫోనులోనే తాతగారూ. ఇక్కడ పెట్టించడం మాత్రమే."

కాఫీ తాగాక వట్టి చేతులతో లేచి రావడం ఏం బాగుంటుంది?

వచ్చేటప్పుడు చేతిలో ఇంకో పెట్టె ఉంది. దీంతో వంటింట్లోకి కూడా సిగ్నలు వస్తుందట.

ఏం రాయను!

జూన్ 11, మంగళవారం

లైన్‌మన్ వచ్చి వంటింటి గోడకి బిగించి వెళ్ళాడు. మా ఆవిడ పెట్టెను చూసింది. నన్ను చూసింది.

"తీయిస్తానని వెళ్ళి, దానికో పిల్లని కూడా తెచ్చారా? అసలెందుకండీ ఈ గోల? అది మానేస్తే మనకేం మేడలొస్తాయి?"

పెట్టెలో పచ్చదీపం వెలుగుతోంది. దాన్నే చూస్తూ చెప్పాను.

"నువ్వు నాతో మాట్లాడడం లేదు."

చాకు కింద పెట్టింది.

"మొన్న మాట్లాడితే పలికారా?"

ఊఁ సంగతి మొత్తం చెప్పాను. రికార్డింగుతో సహా. పెళ్ళయ్యాక ఒక్క గుక్కలో అంత మాట్లాడడం ఇదే మొదలు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వి నవ్వి, "ఇటివ్వండి ఫోను" అంది.

ఆ మర్యాద అమ్మాయే దొరికింది. మా ఆవిడ రుసుముతో మొదలుపెట్టింది. ఊదా రంగు, చెల్లెలి మొగుడి అలక, నా పిరికితనం, ఏదీ వదల్లేదు. అవతల ఆ అమ్మాయి ఊఁ కొడుతోంది!

"ఊఁ అన్నావు కదమ్మా? రుసుము తీసేసినట్టే."

"అయ్యో ఆంటీ! నా ఊఁ చెల్లదండీ. మా పైవాళ్ళది చెల్లుతుంది. రేపు పదింటికి కలుపుతాను."

ఆ తరవాత ఆ అమ్మాయి తన అత్తగారి కథ ఎత్తుకుంది. ఫోను పెట్టేశాక మా ఆవిడ అదంతా నాకు చెప్పింది. కూర మాడింది.

"తప్పెవరిదంటారు?" అని అడిగింది.

అత్తగారిదే అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఒప్పుకోలేదు. అన్నం తినేదాకా వాదించుకున్నాం.

జూన్ 12, బుధవారం. ఉదయం తొమ్మిదిన్నర

మళ్ళీ మొదలు. ఈ నెలలో ఇంటర్నెట్ తీయించేయాలి. ఖాయం!

మా ఆవిడ ఫోను దగ్గర రెండు కుర్చీలు వేసింది. ఇద్దరం కూర్చున్నాం.

ఆ పైవాళ్ళు ఐదు నిమిషాల్లో తేల్చేస్తారేమోనని భయంగా ఉంది.